పోలిక బడులు

రెండేళ్ళ కొలతను చెడగొట్టింది ఆయన భార్యే. ఇందులో రెండో మాట లేదు. ఆవిడ ఇప్పుడు లేదు గనక నిలదీయడానికీ కుదరదు, తిట్టడానికీ కుదరదు. పోయినవాళ్ళను ఏమీ అనకూడదంటారు. ఆయన అంటాడు. అనడానికి ఆయనకున్నంత హక్కు ఇంకెవరికీ లేదు.

బడుల్లో లెక్కలూ సైన్సూ బాగుచేస్తామంటూ ఏటా ఎవరో ఒకరు ఒక పథకం పట్టుకొస్తారు. అది నిజంగా పనిచేస్తోందా, ఉత్త హడావిడేనా అని తేల్చే ఆఫీసులో ఆయన ఉద్యోగం. అంతకుముందు పల్లెబడిలో చదివి, పల్లెబడిలోనే లెక్కలు చెప్పాడు. ఒకే గది, ఒకే పంతులు, పెచ్చులూడిన నల్లబల్ల. అక్కడ పెరిగినవాడు గనక తళుకులకు పడిపోడు. ఒకసారి సైన్సు బస్సు వచ్చింది. లోపల టెలిస్కోపు, అస్థిపంజరం, రంగురంగుల దీపాలు. ఏడాది తర్వాత పరీక్ష పెడితే పిల్లలకు గుర్తున్నది బస్సు రంగు ఒక్కటే. ‘ఫలితం సున్నా’ అని రాశాడు. తర్వాత బడికో బీరువా నిండా టాబ్లెట్లు వచ్చాయి. పిల్లలు వాటిలో ఆటలు దాచుకోవడం నేర్చుకున్నారు, భాగహారం నేర్చుకోలేదు. మళ్ళీ సున్నా. ఆఫీసులో ఆయన వెనక ఆయన పేరు సున్నా మాస్టారు. కొందరు ఎదురుగానే అనేవారు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. సున్నా కూడా ఒక అంకేనని ఊరుకున్నాడు.

భార్య లెక్కల టీచరు. ఆవిడకు పరికరాలక్కర్లేదు. కాగితం అంచు చింపి, దాన్ని మడిచి భిన్నాలు చెప్పేది. పెన్సిలు మీద స్కేలు పెట్టి, అటూ ఇటూ సీసా మూతలు పేర్చి బరువూ దూరమూ చెప్పేది. ‘ముందు మడవండి, తర్వాత రాయండి’ అన్నది ఆవిడ మాట. మడత పెట్టాక బొటనవేలి గోరుతో దానిమీద రెండుసార్లు గీసేది. ఒక్కసారి గీస్తే మడత విచ్చుకుంటుందట. ఇంట్లో ఒక్క కాగితం సాఫుగా మిగిలేది కాదు. బస్సు టికెట్టు, మందుల చీటీ, కరెంటు బిల్లు, అన్నీ మూడు మడతలో నాలుగు మడతలో అయి ఉండేవి. ‘ఈ ఇంట్లో కాగితాలకు కూడా నడుము నొప్పే’ అని ఆయన విసుక్కునేవాడు.

ఆ పద్ధతి ఒక ట్రస్టు వాళ్ళకు నచ్చింది. బడుల్లో పెట్టిస్తామన్నారు, కానీ పనిచేస్తుందని మీ ఆఫీసు తేల్చాలన్నారు. భార్య పథకం గనక మార్కులు ఆయన దిద్దకూడదు, లెక్క ఆయన కట్టకూడదు. ఆ పని ఆఫీసు డైరెక్టరమ్మ చూసుకుంది. ఆవిడ ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. నియమాలు మాత్రం ఆయనవే. ఒప్పుకున్న బడులన్నిటి పేర్లూ చీటీలు రాయాలి. సగం తియ్యాలి. తీసిన బడులకు పథకం. మిగిలినవి పోలిక కోసం. వాటికి రెండేళ్ళు ఏమీ ఇవ్వకూడదు, ఏమీ చెప్పకూడదు. చివర అందరికీ ఒకటే పరీక్ష. తేడా ఎంతుంటే పథకం బలం అంత.

ఎవరూ వేలెత్తి చూపకూడదని చీటీలు ఆయన భార్య చేతే తీయించాడు. అందరి ఎదుటా, గాజు సీసాలోంచి. తీయడం అయ్యాక ఆవిడ సీసాలోకి చూస్తూ ఉండిపోయింది.

“మరి వీళ్ళండీ?” అంది.

“వీళ్ళు పోలికకు.”

“వీళ్ళ పిల్లలకు లెక్కలొద్దా?”

“రెండేళ్ళు ఆగితే కొంప మునిగిపోదు” అన్నాడాయన.

ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. మాట్లాడలేదు గనక ఒప్పుకుందనుకున్నాడు. రెండో ఏడు సగంలో ఆవిడ పోయింది. ట్రస్టు వాళ్ళు గౌరవంగా పథకానికి ఆవిడ పేరే పెట్టారు. పుస్తకం అట్ట మీద ఆ పేరు వేశారు. ఆయన ఒక ప్రతి తెచ్చి టీవీ మీద నిలబెట్టాడు. రోజూ దుమ్ము తుడిచేవాడు.

ఆ తర్వాత ఫలితం వచ్చింది. డైరెక్టరమ్మ ఆయన్ని గదిలోకి పిలిచి తలుపు వేసింది.

“కూర్చోండి మాస్టారూ.”

“నిలబడతా. చెప్పమ్మా.”

“పథకం ఉన్న బళ్ళలో మార్కులు బాగా పెరిగాయి. పోలిక బళ్ళలోనూ అంతే పెరిగాయి. తేడా లేదు.”

“లేకపోవడమేంటి?”

“లేదు. మూడుసార్లు చూశాను. మీరైతే ఏం రాస్తారో నేనూ అదే రాయాలి.”

ఏం రాయాలో ఆయనకు తెలుసు. ఎన్నో పథకాల కింద ఆ మాట రాశాడు. ఇప్పుడు అది ఆయన ఇంటికే వచ్చింది. సున్నా రాస్తే ట్రస్టు మరునాడే పథకం ఆపేస్తుంది. ఆవిడ ముప్పై ఏళ్ళు బల్లల మధ్య నిలబడి కూడబెట్టుకున్న పద్ధతి సైన్సు బస్సు పక్కన చేరుతుంది.

ఇంటికి వెళ్తే కాలు నిలవలేదు. హాల్లోంచి వంటగదికీ, వంటగదిలోంచి హాల్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. టీ పెట్టుకుని తాగడం మర్చిపోయాడు. కుర్చీలో కూర్చుంటే ఎవరో లేపినట్టు లేచిపోయాడు. ఒకటే ప్రశ్న ఆయన్ని తొలిచేస్తోంది. పథకం బళ్ళు పెరిగాయి, సరే. పోలిక బళ్ళు ఎందుకు పెరిగాయి? ఏమీ ఇవ్వని చోట మార్కులు వాటంతటవే పెరగడం ఆయన సర్వీసులో చూడలేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళలేదు. బస్సెక్కి ఒక పోలిక బడికి వెళ్ళాడు. సీటు ఖాళీగా ఉన్నా దారి పొడుగునా నిలబడే ఉన్నాడు.

ఆ బడిలో లెక్కల టీచరు బాగా పొడుగు మనిషి. తలుపు దగ్గర తల వంచుకునే అలవాటు పడిపోయిన మనిషి. ఆయన్ని చూడగానే ఆవిడ చేతిలో సుద్దముక్క కింద పడింది.

“ఒక్క లెక్క ఇచ్చి వెళ్ళిపోతానమ్మా” అని బోర్డు దగ్గరికి వెళ్ళాడు. ముప్పావు పెద్దదా, మూడింట రెండొంతులు పెద్దదా అని రాసి పక్కకు జరిగాడు.

పిల్లలు పెన్ను పట్టుకోలేదు. ముందు నోటు పుస్తకాల అంచులు చింపారు. రెండు ముక్కలు. ఒకటి నాలుగు మడతలు, ఒకటి మూడు మడతలు. తర్వాత ఒక చప్పుడు వినబడింది. గది నిండా గోళ్ళ చప్పుడు. ప్రతి మడత మీదా రెండుసార్లు.

ఆ చప్పుడు ఆయన ఇంట్లోది. వంటగదిలోంచి, మంచం పక్కనుంచి, చివర ఆస్పత్రి గదిలోంచి విన్న చప్పుడు.

టీచరును వరండాలోకి రమ్మన్నాడు.

“ఇది ఎవరు నేర్పారు?”

“ఏది సార్?”

“ఆ మడత.”

“పిల్లలు కదండీ. కాగితం కనిపిస్తే మడుస్తూనే ఉంటారు.”

“గోరుతో రెండుసార్లు గీయడం కూడా వాళ్ళే కనిపెట్టారా?”

ఆవిడ పమిట కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

“మేడం ఎవరికీ చెప్పొద్దన్నారు సార్. మరీ ముఖ్యంగా మీకు.”

“ఎక్కడ నేర్పింది?”

“టైలరింగ్ షాపులో. సెలవు రోజుల్లో. నేనొక్కదాన్నే కాదు సార్, చీటీ రాని బళ్ళ టీచర్లం చాలామందిమి వెళ్ళేవాళ్ళం.” ఆవిడ గొంతు తగ్గించింది. “మీరే కదా మేడంని స్కూటరు మీద దింపేవారు. మీరు మలుపు తిరిగేదాకా మేం ఎదురుగా మందుల షాపు దగ్గర నిలబడేవాళ్ళం. అన్నిసార్లు ఊరికే నిలబడితే బాగుండదని తలనొప్పి బిళ్ళలు కొనేవాళ్ళం. మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి.”

ఆయనకు తల కొట్టేసినట్టయింది. టైలరింగ్ షాపు ఆయన మరదలిది. ఒంట్లో బాగోలేదు, చెల్లెలి దగ్గర కాసేపు కూర్చుంటే మనసు తేలిక పడుతుందని భార్య అనేది. ఆయనే తీసుకెళ్ళేవాడు. ఒక పెట్టె కూడా ఉండేది. స్కూటరు ముందు, ఆయన కాళ్ళ మధ్య పెట్టుకునేవాడు. ఏముందంటే గుడ్డముక్కలంది. స్పీడు బ్రేకర్ వచ్చినప్పుడు లోపల సీసా మూతలు గలగలమనేవి. గుడ్డముక్కలు గలగలమంటాయా అని ఆయన అడగలేదు. ఊరందరి పథకాల గుట్టు లాగినవాడు.

బస్సు దిగి, ఇంటి దగ్గర స్కూటరు తీసుకుని నేరుగా షాపుకు వెళ్ళాడు. మరదలు కత్తిరింపు బల్ల మీద గుడ్డ పరిచి గీత గీస్తోంది. మెడలో టేపు. ఆయన ముఖం చూడగానే సుద్దముక్క పక్కన పెట్టింది.

“తెలిసిపోయిందా బావా?”

“ఈ బల్ల మీదేనా?”

“ఈ బల్ల మీదే. నా టేపు కూడా చెడగొట్టింది. మధ్యలో సున్నా రాసి, ఇటువైపంతా మైనస్ అంది. దాంతో ఒకాయనకు చొక్కా కుడితే చేతులు మోకాళ్ళ దాకా వచ్చాయి.” నవ్వబోయి ఆగిపోయింది. “కూర్చో బావా.”

“మీ అక్క నా ముఖాన ఎంత మట్టి కొట్టిందో తెలుసా నీకు?”

“నువ్వు వద్దంటావని నీకు చెప్పలేదు.”

“వద్దనేవాణ్ణే. అది నియమం.”

“నియమం నీది. చీటీలు తీసిన చెయ్యి అక్కది. ఆ రోజు ఇక్కడికొచ్చి ఏమందో తెలుసా? ‘నా చేత్తో కొందరు పిల్లల్ని పక్కన పడేయించాడే’ అంది. రెండేళ్ళు ఆగితే కొంప మునగదన్నావట. నీకు మునగదు. అప్పటికే డాక్టరు తనకు చెప్పేశాడు. నీకు ఆర్నెల్ల తర్వాత చెప్పింది.”

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. అది ఆయనకు కొత్త సంగతి. తెలిసి కూడా చీటీలు తీసింది. తెలిసి కూడా స్కూటరు ఎక్కి, వెనక కూర్చుని, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

“ఆ రెండేళ్ళు తనకు ఉన్నాయో లేవో తెలీదు బావా. తన తర్వాత పోలిక బళ్ళకు ఎవరు వెళ్తారు, నువ్వా?”

“జాలిపడి తన పథకానికి తనే గొయ్యి తీసుకుంది” అన్నాడాయన. “తేడా చూపించడానికి మిగల్చాల్సిన బళ్ళను మిగల్చలేదు. ఇప్పుడు పనికిరాని పథకమని రాస్తున్నారు. సంతోషమేనా మీ అక్కాచెల్లెళ్ళకు?”

మరదలి ముఖం పాలిపోయింది. ఆ సంగతి వాళ్ళిద్దరికీ తోచనే లేదని ఆయనకు అప్పుడు అర్థమైంది. దాంతో ఆయన అరికాలి మంట నెత్తికెక్కింది. దొంగతనం చేసినా తెలివిగా చేసి ఉంటే కొంత ఓర్చుకునేవాడేమో.

“మరి ఇప్పుడేం చేస్తావు?”

ఆయన బయటికి వచ్చేశాడు. స్కూటరు రెండుసార్లు తన్నినా స్టార్టు కాలేదు. నడిపించుకుంటూ ఆఫీసుకు వెళ్ళాడు.

డైరెక్టరమ్మ అంతా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“మాస్టారూ, ఈ ఆఫీసులో ఇది మనిద్దరికే తెలుసు. మనం ఊరుకుంటే పథకం పోతుంది. కానీ మేడం పేరుకు మచ్చ రాదు. మంచి ప్రయత్నమే, ఫలించలేదు అంటారు. బయటపెడితే కొలత చెల్లదని నేను రాయాలి. ఎందుకు చెల్లదో కూడా రాయాలి. ఎవరివల్ల అన్నదీ రాయాలి.”

“అప్పుడు పథకం?”

“మళ్ళీ కొలవమని అడగొచ్చు. ఇస్తారని గ్యారంటీ లేదు.” ఆవిడ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. “ట్రస్టు పెద్దాయన రేపు వస్తున్నాడు. రాత్రంతా ఉంది, ఆలోచించుకోండి.”

“ఆలోచించడానికేముంది. రేపు నేనే చెప్తా.”

అన్నాడు గానీ మర్నాటి దాకా ఆయనకు ఒక చోట నిలకడ లేదు. షేవింగు సగంలో ఆపి టీవీ ముందుకు వచ్చాడు. అట్ట మీద ఆవిడ పేరు చూశాడు. సబ్బు నురగ ఆరిపోయి ముఖం బిగుసుకుపోయింది. మళ్ళీ మొదటినుంచి గీసుకోవాల్సి వచ్చింది. వీధిలోకి వెళ్ళి, ఏం కొనాలో మర్చిపోయి, షాపువాడు అడిగితే తలనొప్పి బిళ్ళలన్నాడు.

ట్రస్టు పెద్దాయన మర్యాదస్తుడు. ఆయన చేతిలో టీ కప్పు ఉండగా, డైరెక్టరమ్మ రిపోర్టు తీయబోతుంటే సున్నా మాస్టారు లేచాడు. కూర్చుని చెప్పే మాట కాదు అది.

“పోలిక బడులు శుభ్రంగా లేవండీ. వాటి టీచర్లకు కూడా ఈ పద్ధతి నేర్పేశారు, దొంగచాటుగా. అందుకే తేడా రాలేదు. నేర్పింది నా భార్య. తీసుకెళ్ళి దింపింది నేను, తెలీక. ఈ సున్నా సున్నా కాదు. ఈ కొలత కొలతా కాదు.”

పెద్దాయన కప్పు సాసరులో పెట్టాడు.

“మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు కదా.”

“తెలిసేది కాదు.”

“రెండు చోట్లా మార్కులు పెరగడం మాత్రం నిజమేనా?”

డైరెక్టరమ్మ అందుకుంది. “నిజమే. ఈ పద్ధతి వల్లే అని ఒట్టేసి చెప్పలేను. ఇంకొకసారి కొలిస్తే చెప్పగలను. ఈ చుట్టుపక్కల కాకుండా దూరపు బళ్ళలో.”

పెద్దాయన చాలాసేపు గడ్డం రుద్దుకున్నాడు. చివరికి ఇంకొకసారి చూద్దామన్నాడు. తను ట్రస్టు బోర్డుకు చెప్పుకోవాలి, వాళ్ళు ఒప్పుకోవాలంటే ఒక్క షరతు ఉంటుందన్నాడు. ఆ మాట అనడానికి ఇబ్బంది పడ్డాడు. “కొలత నియమాలను ఉల్లంఘించినవారి పేరు మీద పథకం నడపడం... మీరే అర్థం చేసుకోవాలి.”

“పేరు తీసేయండి” అన్నాడాయన.

“మాస్టారూ” అంది డైరెక్టరమ్మ.

“ఎవరి భార్య అయినా ఇదే చెప్పేవాణ్ణి. తీసేయండి.”

కొత్త చీటీల రోజు గాజు సీసా మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. ఈసారి తీసింది ట్రస్టు గుమాస్తా. తీయడం అయ్యాక సున్నా మాస్టారు సీసాలోకి చూశాడు. మిగిలిన చీటీలు అడుగున పడి ఉన్నాయి. నియమాల కాగితం ముందుకు లాక్కుని, కింద ఒక వాక్యం చేర్చాడు. మిగిలిన బడులు ఒక ఏడాదే ఆగాలి. ఏడాది తిరగ్గానే వాటికీ పథకం ఇవ్వాలి. ఇస్తామని ముందే ఒప్పుకోకపోతే ఈ కొలత మొదలుపెట్టకూడదు.

డైరెక్టరమ్మ చదివి తలెత్తింది. “ఈ షరతు నేను అప్పుడే పెడదామంటే మీరు ఒంటికాలి మీద లేచారు. రెండేళ్ళ తేడా కావాలి, ఒక ఏడాదితో ఏం తెలుస్తుందన్నారు.”

“సంతకం పెట్టమ్మా.”

ఆవిడ పెట్టింది.

కొత్త పుస్తకాలు వచ్చిన వారంలో మరదలు ఆయన ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది. చేతిలో కొత్త పుస్తకం. అట్ట మీద కాగితం మడత బొమ్మ ఉంది. పేరు లేదు. టీవీ మీద పాత పుస్తకం ఎప్పటిలాగే నిలబడి ఉంది. దుమ్ము లేదు.

“నీ చేత్తో నువ్వే అక్క పేరు చెరిపేశావు బావా. నోరు మూసుకుని కూర్చుంటే పోయేది.”

“పథకం పోయేది.”

“అక్క కంటే పథకం ఎక్కువైందా నీకు?”

“మీ అక్కకు ఎక్కువైంది. నాకు చెప్పకుండా, నా స్కూటరెక్కి వెళ్ళి మరీ చూపించింది.” ఆయన కుర్చీలోంచి లేచాడు, కిటికీ దాకా వెళ్ళాడు, తిరిగొచ్చాడు. “దానికి బళ్ళు కావాలి. బళ్ళొచ్చాయి. పేరు కావాలని నన్నెప్పుడూ అడగలేదు.”

మరదలు కళ్ళు తుడుచుకుంది. కాస్త మెత్తబడి లోపలికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుంది. “పోనీ క్షమించావా మరి?”

“లేదు.”

“నిన్ను నమ్మలేదనా?”

ఆయన టీవీ మీది పాత పుస్తకాన్ని సర్ది నిలబెట్టాడు.

“ఆఖరి రోజుల్లో నీకు చెప్పేద్దామని చాలాసార్లు అనుకుంది బావా. ఆస్పత్రిలో ఒకసారి నాతో ఏమందంటే...”

“ఆపు.”

“విను, ఒక్క మాట...”

“వద్దు. నాకు చెప్పాల్సినది నాకే చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు నీ నోట వినను.” ఆయన ఆమె చేతిలో కొత్త పుస్తకం తీసుకుని, పాతదాని పక్కన పెట్టి, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. “టీ కావాలంటే పెడతా, తాగి వెళ్ళు. ఈ సంగతి మాత్రం నా ఇంట్లో ఇదే ఆఖరు. ఆఫీసులో అడిగినా చెప్పను, నువ్వడిగినా చెప్పను. నేను పోయేదాకా ఇంక దీని గురించి నోరెత్తను.”